ముందే తీసిన వాటా

ధర్మవరంలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. అవతల మగ్గం చప్పుడు, పూజ గంట. ఇవతల మా అమ్మ బైబిలు, ప్రార్థన. నేను రోజూ పెనుకొండకు పోయి బడిలో పాఠాలు చెప్పి వస్తాను గనుక ఇవన్నీ సెలవు రోజుల్లోనే తీరిగ్గా వింటాను.

పండగ వస్తే పక్కింటామె ఓళిగలు, అవే బొబ్బట్లు, తెచ్చేది. విగ్రహానికి పెట్టింది మా అమ్మ ముట్టదు. అందులో ఆమె పట్టు గట్టిది. చిన్నప్పుడు స్నేహితురాలు ఇచ్చిన ప్రసాదం లడ్డూను నా నోటిదాకా పోనివ్వలేదు. ఆ మంట నాకింకా ఉంది. అమ్మ సంగతి తెలిసిన పక్కింటామె పూజకు ముందే మా వాటా వేరే గిన్నెలో తీసి పెట్టేది. అయినా అమ్మ గడపలోనే అడిగేది.

"ముందే తీసినావా?"

"తీసినాలే అక్కా, నిన్ను మోసం చేస్తానా?" అని ఆమె నవ్వేది. ఏళ్ల తరబడి ఇదే మాట, ఇదే జవాబు.

మొన్న ఉగాదికి ఆమె ఊళ్లో లేదు. కూతురి కాన్పుకని హిందూపురం పోయింది. ఇంట్లో ఉన్నది రొళ్ల నుంచి వచ్చిన కొత్త కోడలు. పెళ్లయ్యాక తొలి పండగ. పక్కనుండి చెప్పే పెద్దవాళ్లు లేరు. మధ్యాహ్నం గోడ అవతల గంట మోగింది. కాసేపటికి ఆ పిల్ల గిన్నెతో వచ్చి నిలబడింది. మూత మీద కుంకుమ బొట్టు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అత్త ఒక్క మాట చెప్పి పోకూడదా అని నోరు తెరవబోయాను. అమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

"మొదటిసారి ఒక్కదాన్నే చేసినా పెద్దమ్మా. శానా విరిగిపోయినాయి. ఎట్లుండాయో తిని చెప్పు" అంది ఆ పిల్ల. చేతులకు ఇంకా పిండి అంటుకునే ఉంది.

అమ్మ ఇప్పుడు అడుగుతుంది, ఈ పిల్ల ఉన్నది చెప్పేస్తుంది, గిన్నె వెనక్కి పోతుంది అనుకున్నాను. అమ్మ అడగలేదు. కూర్చుని, ఎప్పటిలాగే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, ఓళిగ తుంచి నోట్లో పెట్టుకుంది.

"మెత్తగా ఉండాది పాపా. మీ అత్త చేసినదానికంటే మెత్తగా ఉండాది."

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. ఆమె గడప దాటగానే నేను అందుకున్నాను.

"నాకు లడ్డు మాన్పించినదానివి, ఈపొద్దు ఏమయింది నీకు?"

"అడిగింటే ఆ పాప నిజమే చెప్పుండేది. చెప్పినంక నేను వద్దనాల. గిన్నె ఎత్తుకొని ఏడ్చుకుంటా పోయుండేది. నా నిష్ఠకు ఆ పాప పండగ పాడు కావల్నా?"

"మరి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి ఏ మొగం పెట్టుకొని పోతావు?"

"ఆయనకు నేను చెప్పుకుంటాలే. నువ్వు తిను."

ఆ ఆదివారం మందిరంలో ప్రభువు బల్ల రొట్టె ఇచ్చే వేళ నేను ప్రార్థన మాని అమ్మనే చూస్తూ కూర్చున్నాను. ఆమె చాలాసేపు తల వంచుకునే ఉంది. తర్వాత చేయి చాచి రొట్టె తీసుకుంది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ మీద అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

హిందూపురం నుంచి వచ్చాక పక్కింటామె కోడలి నోట ఉగాది ముచ్చట్లు విని పరుగెత్తుకొచ్చింది. "పాపకు చెప్పకుండా పోయినా అక్కా, తప్పయిపోయింది" అంది. అమ్మ ఒకటే కోరింది.

"ఇప్పుడు కూడా చెప్పొద్దు."

వినాయక చవితికి ఆ పిల్ల పొద్దున్నే కుడుములు తెచ్చింది. గిన్నె చెయ్యి కాలేంత వేడిగా ఉంది. మూత మీద బొట్టు లేదు.

"నీకు వేడివేడిగా తినేది ఇష్టమంట గదా పెద్దమ్మా? మా అత్త పూజ కూడా కానీకుండా నన్ను తరిమింది."

అమ్మ నా వైపు చూసింది. నేను పోయి పళ్లెం తెచ్చాను.

"మీ అత్తకు అన్నీ తెలుసు పాపా" అంది అమ్మ.

ఆమె ప్రార్థన ముగించి మొదటి కుడుము తుంచేదాకా గోడ అవతల గంట మోగలేదు.