పెద్దమ్మ పెంచిన పురుగులు

మా పెద్దమ్మ శేషారత్నానికి ఉప్పునీళ్ళంటే అసహ్యం. చిన్నతనంలో భీమవరం దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసింది. ఎంత రుద్దినా వేళ్ళ సందుల్లోంచి నీచు పోయేది కాదట. అన్నం కలిపితే ముద్ద కూడా అదే వాసన వేస్తోందని చెంచాతో తినడం మొదలుపెట్టింది. ఆ కంపు లేని చోటు చూసుకుని హైదరాబాదు వచ్చి, ఫిల్మ్‌నగర్ బస్తీలో గది తీసుకుంది. జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతగారింట్లో వంటకు కుదిరింది. పదో తరగతి మధ్యలో బడి మానేసి నేనూ ఆవిడ దగ్గరికే వచ్చాను. ఆ ఇంట్లోనే పైపని చేస్తున్నాను.

ఆ ఇంటికి కూడా ఉప్పునీళ్ళు వచ్చాయి. ఎవరో హీరోగారింట్లో చూసి, నిర్మాతగారి భార్య పద్మప్రియ హాల్లో సముద్రపు చేపలకని గోడంత అద్దాల తొట్టి పెట్టించింది. అందులోకి ఒక మాండరిన్ చేప వచ్చింది. నీలం ఒంటి మీద నారింజ గీతలు, ఎవరో కూర్చుని రంగులు వేసినట్టు ఉండేది. అది మేత గుళికలు ముట్టలేదు. పొట్ట లోపలికి పోయి, ఒంటికి తల పెద్దదై, ఒకరోజు రాతి మీద ఒరిగి మళ్ళీ లేవలేదు. పైకి తీయడానికి ఎవరూ రాకపోతే పెద్దమ్మే గరిటతో ఎత్తి బయట పడేసింది. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు.

అలాంటిదే రెండో చేపను తెచ్చినప్పుడు తొట్టి అమర్చిన తిరుమలేశ్, కింద చెక్క బీరువాలో ఇంకో చిన్న తొట్టి పెట్టాడు. అందులో గిన్నెలు తోమే పీచులా చిక్కులు పడిన నాచు, పైన ఒక లైటు. అద్దం మీద తెల్లటి చుక్కలు పాకుతున్నాయి.

"వీటిని పాడ్స్ అంటారు రత్నమ్మగారూ. ఆ చేపకి ఇవే అన్నం. ఇక్కడ పుడతాయి, మోటారు లాగే నీళ్ళతో పైకి వెళ్తాయి, అది ఏరుకు తింటుంది."

"పేలలా ఉన్నాయయ్యా!"

"పేలు కాదండీ, రొయ్యలకి చుట్టాలు."

"ఛీ! ఇక్కడిదాకా వచ్చాయా నా వెనకాల?"

వాటిని చూసుకోవడం తమవల్ల కాదని డ్రైవరూ తోటమాలీ అన్నారు. చివరికి ఆ పని పెద్దమ్మ మీదే పడింది. కొంగు ముక్కుకు చుట్టుకుని, గ్లోవ్స్ తొడుక్కుని, తిరుమలేశ్ ఫ్రిజ్‌లో పెట్టిన పచ్చనీళ్ళ సీసా తీసి వాటికి మేత పోసేది. నాచు తిరగేసేటప్పుడు గొంతులోంచి డోకు శబ్దం వచ్చేది. అయినా సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు నన్ను అద్దం దగ్గరికి పిలిచేది.

"ఏమే, నీ కళ్ళు మంచివి. పొట్ట నిండుగా ఉందా? ఇంకోదాన్ని గరిటతో ఎత్తడం నావల్ల కాదు."

చేప గుండ్రంగా తయారైంది.

ఈలోగా పద్మప్రియగారి అమ్మాయి హరిణి హీరోయిన్‌గా చేసిన మొదటి సినిమా టీజర్ విడుదలైంది. ఫంక్షన్ నుంచి వచ్చిన అమ్మాయిని గుమ్మంలో నిలబెట్టి, పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో పద్మప్రియగారే దిష్టి తీసింది. ఆ నీళ్ళు ఎవరూ తొక్కని చోట పొయ్యాలి. గేటు బయట కెమెరాలవాళ్ళు గుంపుగా ఉన్నారు. పళ్ళెం పట్టుకుని అటూ ఇటూ చూసి, హాల్లోకి వచ్చి, చేపల తొట్టి కింది బీరువా తలుపు తీసింది.

తలుపు చప్పుడుకు వంటింట్లోంచి మేం వచ్చేసరికి నీళ్ళన్నీ పోసేసింది. పెద్దమ్మ పరుగెత్తి మోటారు ప్లగ్గు పీకింది. ఎర్రనీళ్ళు పైకి ఎక్కలేదు కానీ నాచు మీద సున్నం పలుకులు తెల్లగా పేరుకున్నాయి. నేను ఫోన్ లైటు వేసి చూశాను. అద్దం మీద ఒక్క చుక్కా కదల్లేదు.

"ఏం మునిగిపోయిందని ఆ పరుగు, రత్నం? చేపని ముట్టుకోలేదు కదా."

"దాని తిండంతా చచ్చిపోయిందమ్మా."

"పురుగులేగా, పీడా పోయింది! ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అద్దం మీద ఏంటవి అని అడుగుతున్నారు. గుళికలు తినే చేపని తెప్పిస్తాలే."

"మరి దీని సంగతమ్మా?"

"దాని అదృష్టం."

వేళ్ళకు అంటిన ఎర్రరంగును టిష్యూతో తుడుచుకుని, ఆ టిష్యూని కూడా అదే తొట్టిలో పడేసింది. పురుగులను చూసి నాకు ఎన్నోసార్లు ఒళ్ళు జలదరించింది. అయినా ఆ టిష్యూని వట్టి చేత్తోనే బయటికి తీశాను.

తిరుమలేశ్ వచ్చి కింది తొట్టి కడిగి, కొత్త ఉప్పునీళ్ళు పోసి మోటారు వేశాడు. కొత్త పాడ్స్ చెన్నై నుంచి రావాలట, ఎప్పుడొస్తాయో చెప్పలేనన్నాడు. శ్రీనగర్ కాలనీలో తాళం వేసిన ఇల్లొకటి ఉందని, అక్కడి తొట్టిలో చేపలన్నీ పోయాయని చెప్పాడు. "తినేవాళ్ళు లేరు కాబట్టి పాడ్స్ లెక్కలేనన్ని ఉంటాయి. వాసనే భరించలేరు."

మూడు రోజులకే చేప పొట్ట కిందిభాగం నొక్కుకుపోయింది. పెద్దమ్మ నీళ్ళ క్యాను పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

వాచ్‌మన్ బాలనర్సయ్య తాళం తీస్తూ నవ్వాడు. "గా కంపు తొట్టికి గూడ చుట్టాలొచ్చిన్రా! సార్ సినిమా ఆడకపాయె, ఇల్లు అమ్మకానికి పెట్టిండు. మోటర్ బంద్ జేస్తే ఇల్లు పాడువడ్డట్టు కనిపిస్తదంట, నడిపియ్యమన్నడు. ఎన్ని నీళ్ళు కావాల్నో తీస్కపోన్రి, పుణ్యముంటది."

కుళ్ళిన గుడ్ల వాసన గుమ్మంలోనే ముక్కుకు తగిలింది. అద్దాలకు నాచు దట్టంగా పట్టింది. అడుగున నల్లటి బురద. నేను లైటు వేశాను. ఆ బురద మీద, నాచు మీద, ఎక్కడ చూసినా తెల్లటి చుక్కలు గిలగిలా తిరుగుతున్నాయి. నాచు లోతుగా ఉంది, గ్లోవ్స్ మోచేతికి కూడా రావు. పెద్దమ్మ వాటిని విప్పేసి, కళ్ళు మూసుకుని చెయ్యి భుజందాకా దించింది. నాచు పీకి క్యానులో వేసింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుంది.

ఆటో డ్రైవరు తల బయటపెట్టి నడిపాడు. నిర్మాతగారి హాల్లోకి అడుగు పెట్టేసరికి పద్మప్రియగారు చున్నీతో ముక్కు మూసుకుని అడ్డం వచ్చింది.

"రత్నం! ఆ కంపు నా హాల్లోకా? రేపు అమ్మాయి ఇంటర్వ్యూ ఇక్కడే. ముందు బయట పారబొయ్యి."

"చేప ఆకలికి ఎండిపోతోందమ్మా. కింద పోసి తలుపు వేసేస్తాను, వాసన రాదు."

"అంత ప్రేముంటే నువ్వే తీసుకుపో దాన్ని!"

పెద్దమ్మ క్యాను నా చేతికిచ్చి వంటింట్లోంచి మూత డబ్బా తెచ్చింది. తొట్టిలోని నీళ్ళతోనే చేపను అందులోకి తీసుకుంది.

"నిజంగానే తీసుకుపోతున్నావా?"

"మీరన్నారు కదమ్మా."

అదే ఆటోలో మళ్ళీ శ్రీనగర్ కాలనీ వెళ్ళాం. తిరుమలేశ్ ఫోన్‌లో చెప్పినట్టు ఆ తొట్టి నీళ్ళు కొద్దికొద్దిగా డబ్బాలో కలిపి, చేపను వదిలాం. అది బురద మీద దిగి చాలాసేపు కదల్లేదు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. అప్పుడు చేప మెడ వంచినట్టు వంగి, నాచు మీద ఒకసారి పొడిచింది. ఇంకోసారి పొడిచింది.

"గంత మంచి బంగ్లా నుంచి గీ గలీజులకు తెచ్చినవా దీన్ని?" అన్నాడు బాలనర్సయ్య.

"ఇక్కడ తిండుందయ్యా."

హాల్లోకి గుళికలు తినే పసుపు చేపలు వచ్చాయి. పెద్దమ్మ అక్కడే వంట చేస్తోంది, వాటివైపు మాత్రం చూడదు. పొద్దున్నే ముందు శ్రీనగర్ కాలనీ వెళ్ళి తొట్టి చూసి, తర్వాతే పనికి వస్తుంది. వాసనకు ఇంకా అలవాటు పడలేదు, గుమ్మంలోనే తిట్టుకుంటుంది. తొట్టి ఎదుటి అద్దం మీద నాచును అరచేతి మేర తుడుస్తుంది. మిగతాది తుడవనివ్వదు, తిండి పోతుందని.

మొన్న బాలనర్సయ్య రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తుడిచిన చోట కన్ను ఆనించి చూశాడు.

"చేప కడుపు జర నిండిందే," అన్నాడు.

పెద్దమ్మ అతన్ని పక్కకు జరిపి తనూ చూసింది.