పక్కింటి అక్క ఫోటో

మా పక్కింటి అక్క పోయిన నెల కన్నుమూసింది. పొద్దున నా ఫోటో స్టూడియో షటర్ తీస్తుంటే ఆమె భర్త వచ్చి, "బామ్మర్దీ, మీ అక్క లేస్తలేదు" అన్నాడు. నేను ఆయన్ని బావ అంటాను. చుట్టరికమేమీ లేదు, గద్వాలలో మా రెండిళ్ళకూ గోడ ఒకటే. నా భార్య పోయి, బిడ్డ చదువుకని హైదరాబాద్ వెళ్ళాక, "తిన్నవా తమ్మీ?" అని గోడ అవతలి నుంచి అడిగే మనిషి అక్క ఒక్కతే. ఇప్పుడు తిన్నా తినకున్నా అడిగేవాళ్ళు లేరు.

బావ చీరలు నేస్తాడు. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగులు అతికే పని అక్కది. వేళ్ళకు బూడిద అద్దుకొని ఒక్కొక్కటే మెలిపెట్టేది. బావ తొందరపెడితే, "పోగు ఇంటదా నీ లొల్లి?" అని కసిరేది.

మా అమ్మాయి ఫోటోగ్రఫీ చదువుతోంది. ముఖం కనబడకుండా ఒక మనిషిని చూపించమని కాలేజీలో చెప్పారట. సెలవులకు వచ్చి మూడు రోజులు అక్క పక్కనే కూర్చుంది. రెండు రోజులు కెమెరా సంచిలోంచి తీయనే లేదు. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా "గడ్డం పైకి, కదలకు" అని నిమిషంలో పని ముగించేవాణ్ణి మరి!

"ఏం జూస్తున్నవే గంతసేపు?"

"అత్త చెయ్యి ఏడ ఆగుతదో చూస్తున్న నాయినా."

అక్క నవ్వింది. "నా కోడలు నన్ను జూస్తుంది. నువ్వెన్నడన్న చూసినవా తమ్మీ?"

పరాచికమనుకున్నాను. చివరికి అమ్మాయి అక్క చేతులను మాత్రమే ఫోటో తీసింది. తలకాయ ఏడబోయిందే అని ఎగతాళి చేశాను.

అక్క పోయాక గోడకు పెట్టే ఫోటో నేనే చేస్తానన్నాను. నా దగ్గరున్నది బ్యాంకు పుస్తకం కోసం తీసిన పాస్‌పోర్టు ఫోటో ఒక్కటే. అలవాటు చొప్పున కంప్యూటర్లో ముఖం తెల్లగా చేశాను, ముడతలు తుడిచాను, సగం మూసుకున్న కళ్ళ మీద ఇంకెవరివో తెరిచిన కళ్ళు అతికించాను. మా స్టూడియోల్లో గోడ ఫోటో అంటే అంతే. బావ ఫ్రేము పట్టుకొని చాలాసేపు చూశాడు.

"ఎవరు బామ్మర్దీ గీమె?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్ళు గోడ పక్కనే ఉండి, అక్కను ఒక్కసారైనా సరిగా చూడలేదు. కెమెరా పట్టినవాడికి ఇంతకన్నా నామోషీ ఏముంది?

బిడ్డకు ఫోన్ చేశాను. ఏడుస్తూనే తన ఫోటో పంపింది. ఈసారి నేనూ ఆదరాబాదరా చూడలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోగు. మెలిపెట్టడం అయిపోయింది, వేళ్ళు ఇంకా వదల్లేదు. అవును, అతుకు నిలిచిందో లేదోనని అక్క ప్రతి పోగు దగ్గరా అలాగే ఆగేది. ఏమీ దిద్దకుండా ప్రింటు వేశాను. ఖాళీ స్టూడియోలో దాన్ని ముందర పెట్టుకొని చాలాసేపు ఏడ్చాను.

పదకొండో రోజున ఆ ఫోటోనే పెట్టారు. "గిదీ మీ అక్క" అన్నాడు బావ. దండ వేశాడు. వేలికి కుంకుమ అద్దుకొని దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. బొట్టు పెట్టడానికి నుదురు లేదు. ఆయన వేలు అద్దం మీద కాసేపు అటూ ఇటూ తిరిగింది. చివరికి బూడిద అంటిన ఆ బొటనవేలి మీద పెట్టాడు.