ఇంటివాడే ఎత్తుకోవాలి

మా ఇంట్లో గట్టిగా ఏడవకూడదు. గట్టిగా నవ్వకూడదు కూడా. నవ్వే సందర్భాలు తక్కువ కాబట్టి ఆ రెండో నియమంతో ఎక్కువ పని పడలేదు. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోయి నేను ఏడిస్తే నాన్నగారు పేపరులోంచి తల ఎత్తకుండా "నాటకాలు ఆడకు" అనేవారు. ఈ మాట అందరిళ్ళలోనూ వినబడేదే. మా ఇంట్లో దానికి ఒక చరిత్ర ఉంది.

ఆనందపురం అవతల మాకున్న మామిడి తోటలూ పల్లపు పొలాలూ తాతగారి నాటక సమాజం కిందే కరిగిపోయాయి. రాజు చనిపోయే ఘట్టంలో పద్యం బాగా కుదిరితే జనం "వన్స్ మోర్" అని కేకలు వేసేవారట. చచ్చిన రాజు లేచి, ఉత్తరీయం సర్దుకుని, హార్మోనియం వైపు ఒకసారి చూసి, మళ్ళీ పాడి మళ్ళీ చచ్చేవాడు. ఆ రాజు వేషం తాతగారిదే. ఒకే ఆటలో ఆయన మూడుసార్లు చచ్చారని ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవారు. నాన్నగారు కూడా ఆ సంగతి చెప్పేవారు, కానీ గోడ వైపు చూస్తూ.

అన్నీ అమ్ముడుపోయాక ఒక సింహాసనం మిగిలింది. టేకు కుర్చీలకు బేరం వచ్చింది గాని, పల్చటి చెక్కకు బంగారు రంగు పూసి నాటకం కోసం చేయించిన దాన్ని ఎవరూ అడగలేదు. విశాఖపట్నంలో అద్దెకు దిగిన రెండు గదుల వాటాలో నాన్నగారు దాని మీదే కూర్చునేవారు. వెనక్కి వాలితే వీపు చెక్క ఊడి వచ్చేది. అందుకని ఎప్పుడూ నిటారుగా ఉండేవారు. ఆయన పోయాక నేనూ అలాగే కూర్చున్నాను. పోర్టు దగ్గర నేను పనిచేసే షిప్పింగ్ ఆఫీసులో "రాజావారు వచ్చారండోయ్, లేవండి" అని వెక్కిరిస్తారు. నేను కాదనలేదు. నా నడుము సంగతి నాకు తెలుసు, వాళ్ళకు తెలియాల్సిన అవసరం లేదనుకున్నాను.

ఇది నా గురించి కాదు. మా చెల్లెలి గురించి, అమ్మ పోయినప్పుడు ఆమెకు ఏడవడానికి చోటు లేకుండా నేను చేసిన దాని గురించి.

అమ్మ ఒక బుధవారం పొద్దున, పాలు పొయ్యి మీద ఉండగా పోయింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను ముందు గ్యాస్ కట్టేశాను. తర్వాత డాక్టరుకు, తర్వాత ఆఫీసుకు, తర్వాత విజయవాడలో ఉన్న చెల్లెలికి ఫోను చేశాను. ఆమె సాయంత్రం బండికి వస్తానంది. ఫ్రీజర్ పెట్టె తెప్పించి అమ్మను అందులో పడుకోబెట్టాం. ఆఫీసువాళ్ళు వచ్చి, చెప్పులు వరుసగా విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. అంతా పద్ధతిగా ఉంది.

పదకొండు గంటలకు చేపలావిడ వచ్చింది. మల్కాపురం నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా మా వీధిలో చేపలు అమ్ముతోంది. నాన్నగారు ఉన్నన్నాళ్ళూ ఆమెకు గడప లోపలికి ప్రవేశం లేదు. అమ్మే వెళ్ళి మెట్ల మీద ఆమె పక్కన కూర్చునేది. ఆ రోజు ఆమె బుట్ట కింద దించి, గడప దాటి తిన్నగా పెట్టె దగ్గరకు వెళ్ళి, అద్దం మీద రెండు చేతులూ వేసి శోకం ఎత్తుకుంది.

"ఓలమ్మో, నా తల్లో! ఎలిపోనావా తల్లో! మెట్ల మీద కూకోబెట్టి మజ్జిగిచ్చీదానివి తల్లో! రేపు నాను బుట్ట ఎవలింటికాడ దింపీది తల్లో!"

దానికి ఒక రాగం ఉంది. ప్రతి మాట చివరా 'తల్లో' దగ్గర గొంతు పైకి వెళ్ళి విరిగేది. కాసేపటికి ఆపి, ముక్కు చీదుకుని, ఎవరో ఇచ్చిన టీ తాగి "పంచదార ఎక్కువైపోనాది" అంది. ఇంతలో మా ఆఫీసు మేనేజరు వచ్చాడు. "ఈ బాబెవులు?" అని పక్కవాళ్ళను అడిగి తెలుసుకుని, గ్లాసు కింద పెట్టి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. కొత్త మనిషి వచ్చినప్పుడల్లా అలాగే చేసింది. నాకు తాతగారి వన్స్ మోర్‌లు గుర్తొచ్చాయి.

నాలుగోసారో అయిదోసారో ఆమె ఇలా అంది.

"ఇంట్లో ఏటీ నేకపోయినా పోపేసీదానివి తల్లో! ఈదంతా వాసనొచ్చీది తల్లో! కొడుక్కి ఉన్న అన్నమెట్టీసి, నాను తినీసినాను బాబూ అనీదానివి తల్లో! గంజి తాగి మూతి తుడుసుకునీదానివి తల్లో!"

గదిలో ఆఫీసువాళ్ళంతా ఉన్నారు. మేనేజరు తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

నేను డిగ్రీ చదివే రోజుల మాట అది. రోజూ భోజనాల వేళకు మా వంటింట్లోంచి ఆవాలు చిటపటలాడటం వినబడేది. కింది వాటావాళ్ళు "ఈరోజు ఏం కూరండీ?" అని అడిగేవారు. నాకు ఎప్పుడూ భోజనం తక్కువ కాలేదు. ఇంట్లో ఏమీ లేదని తెలియకుండా వేసే ఆ పోపు పొరుగువాళ్ళ కోసమే కాదు, నా కోసం కూడా అని ఆ రోజు మొదటిసారి తెలిసింది. అది నలుగురి మధ్యా తెలియడం నేను భరించలేకపోయాను.

బీరువా తెరిచి, కట్టని కొత్త చీర ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాను. "చాలు. ఇక వెళ్ళు" అన్నాను. కింద ఆటో పిలిచి ఎక్కించాను. ఆమె చీర వంకా నా వంకా చూసింది.

చెల్లెలు వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆమె గుమ్మంలో బ్యాగు పట్టుకుని నిలబడింది. అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఎవరూ ఒక్క కేక వేయలేదు, ఎవరూ ఆమె మీద పడి ఏడవలేదు. ఆమె నోరు తెరిచి నా ముఖం చూసి మూసుకుంది. బ్యాగు ఎక్కడ పెట్టాలని అడిగింది. నేను చూపించాను.

కొరివి పెట్టి వచ్చాక కూడా ఆమె ఏడవలేదు. రెండో రోజు నుంచి అమ్మ చీరలు మడత పెట్టడం మొదలుపెట్టింది. మడిచినవే విప్పి మళ్ళీ మడిచేది. తిండి ముద్ద గొంతులో నిలిచిపోతోందని కంచం పక్కకు తోసేది. నిద్ర లేదు. భర్త ఫోను చేస్తే "బాగానే ఉన్నాను" అనేది. ఎనిమిదో రోజు నాతో అంది.

"అన్నయ్యా, అమ్మ పోయినట్టు లేదు నాకు. మనం ఇల్లు ఖాళీ చేస్తున్నట్టుంది, అంతే. రేపు ఊరెళ్ళాక కూడా ఇలాగే ఉండిపోతే నేనేం చెయ్యను?"

నాకూ అలాగే ఉంది. కాకపోతే నాకు అలవాటు.

మర్నాడు మల్కాపురం బస్సెక్కాను. రిఫైనరీ గోడ దాటాక దిగి, అడుగుతూ వెళ్తే చేపలావిడ ఇల్లు దొరికింది. వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"బాబుగోరు బస్సులో వొచ్చీసినారేటి?"

"రేపు పదో రోజు. నువ్వు రావాలి."

"ఎందుకు?"

"చెల్లెలు ఏడవలేదు."

ఆమె చేప ఒకటి తిరగేసింది. "అమ్మగోరి కాడ నాను ఏడిత్తే, నాటకమాడినోళ్ళకి సెదివించినట్టు సీరెట్టీసి ఆటో ఎక్కించీసినారు. నాను కూలికొచ్చి ఏడిసినానేటి బాబూ?"

"తప్పయింది."

ఆ మాట నేను అంతకు ముందు ఎవరితోనూ అన్న గుర్తు లేదు. ఆమెకు అది పెద్ద విషయంగా తోచినట్టు లేదు.

"వొత్తాను. గాని ఈపాలి నాను ఎత్తుకోను. ఇంటోడే ఎత్తుకోవాల. నువ్వు కర్రనాగ నిలబడిపోతే ఆ పాప ఎలా ఏడుత్తాది? దానికి సిగ్గు కాదేటి?"

"నాకు ఏడుపు రాదు."

"రావాలని ఎవులన్నారు? నోరు తెరిసి అను. వొచ్చినోళ్ళకి వొత్తాది, రానోళ్ళకి రాదు. పదోరోజు దాటితే మరెవలూ ఏడవరు, సెప్తన్నాను."

పదో రోజు ఇంట్లో చేపలావిడతో కలిపి మేం ముగ్గురం, కింది వాటావాళ్ళు ఇద్దరు. అమ్మ ఫోటో ముందు చెల్లెలు కూర్చుంది. చేపలావిడ నా మోచేతి మీద పొడిచింది. నేను నేల మీద కూర్చుని "అమ్మా" అన్నాను. ఆఫీసులో హాజరు పిలిచినట్టు వచ్చింది. కింది వాటా ఆయన చూపు తిప్పుకున్నాడు.

"పెద్దగా" అంది చేపలావిడ.

"అమ్మా, వెళ్ళిపోయావా అమ్మా" అన్నాను. గొంతు ఎక్కడ పైకి పోవాలో తెలుసు కాబట్టి అక్కడికి తీసుకెళ్ళాను. లోపల ఏమీ లేదు. నా గొంతు నాకే పక్కింట్లోంచి వస్తున్నట్టు వినబడింది. ఆమె వెంటనే అందుకుని "ఎలిపోనావా తల్లో" అంది. రెండోసారి అనేసరికి చెల్లెలి భుజాలు కదిలాయి. మూడోసారికి ఆమె నేల మీద పడి, అమ్మను ఎప్పుడూ పిలవని పేర్లతో పిలుస్తూ ఏడ్చింది. ఆ ధ్వని మా ఇంట్లో నేను ఎప్పుడూ వినలేదు.

"ఆపకు, ఇంకోటను" అంది చేపలావిడ నా చెవిలో.

వరస తప్పకూడదనే ఆలోచనే ఉంది. అప్పుడు ఇలా అన్నాను.

"ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నావు అమ్మా! గుండెలు బరువుగా ఉన్నాయన్నావు అమ్మా! సోమవారం చూద్దామన్నాను అమ్మా! సర్కారు పెద్దాసుపత్రిలో చీటీ లైన్లో నన్నెవరైనా చూస్తారని అన్నాను అమ్మా!"

ఈ సంగతి డాక్టరుకు చెప్పలేదు. చెల్లెలికి చెప్పలేదు. నాకు నేను కూడా ఇన్ని మాటల్లో చెప్పుకోలేదు. చేపలావిడ ఒక్క క్షణం కూడా ఆగకుండా "సోమారం దాటిపోనాది తల్లో" అని అందుకుంది. చెల్లెలు నా చొక్కా పట్టుకుని, తల నా భుజానికేసి కొడుతూ ఏడ్చింది. నేను నిటారుగా కూర్చోలేకపోయాను. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

ఆ సాయంత్రం చెల్లెలు రెండుసార్లు అన్నం వడ్డించుకుంది. పొద్దెక్కేదాకా నిద్రపోయింది. నేను అన్న మాట గురించి ఏమీ అడగలేదు. శోకంలో అన్నదానికి ఎవరూ జవాబు అడగరని చేపలావిడ వెళ్తూ చెప్పింది.

పన్నెండో రోజు అయ్యాక చెల్లెల్ని బండి ఎక్కించడానికి స్టేషనుకు వెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద ఆమె అడిగింది.

"అన్నయ్యా, ఆస్పత్రి మాట నిజమేనా? లేక నన్ను ఏడిపించడానికి అన్నావా?"

ఏడిపించడానికే అని ఉంటే సరిపోయేది. ఆమెకు ఆ దారి ఇష్టంగానే ఉన్నట్టు తోచింది.

"నిజమే. శనివారం పొద్దున అడిగింది" అన్నాను, మామూలు గొంతుతో.

బండి వచ్చింది. బ్యాగు అందించబోతే తనే తీసుకుంది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, చున్నీతో ముఖం తుడుచుకుంటూ ఏడ్చింది. ఈసారి మెల్లగా, ఎవరి సాయమూ లేకుండా. ఎదుటి సీటావిడ మంచినీళ్ళ సీసా ఇచ్చింది. చెల్లెలు నా వైపు చూడలేదు. చెయ్యి మాత్రం కిటికీ ఊచల మీద పెట్టి ఉంచింది. నేను దాని మీద నా చెయ్యి వేశాను. ఆమె తీసెయ్యలేదు. బండి కదిలేదాకా అలాగే నిలబడ్డాను.