మూడో గ్రాఫిక్స్ కార్డు

ఇళ్ల ప్లాన్లు గీసే ఆ పెద్దాయన కంప్యూటర్ ఎంపికకు వంక పెట్టలేం. ప్రాసెసర్‌లో కోర్లెన్నని కాదు, ఒక్కోదాని వేగమెంతని అడుగుతాడు. రంగుల లైట్లున్న డబ్బా చూపిస్తే "ఇదేమన్నా సర్కస్ డేరానా?" అంటాడు. మాట్లాడుతున్నంతసేపూ, ఇరవయ్యేళ్లుగా వాడని పెన్సిల్‌ని చెవి మీద తడుముకుంటూ ఉంటాడు. గీతలు మసకబారుతున్నాయని ఈ ఏడాది గ్రాఫిక్స్ కార్డు రెండుసార్లు మార్చాడు. నిన్న మూడోదానికి కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. షాపువాడు ఉన్నవాటిలోకెల్లా మేలైన మిషన్‌లో ఆయన ప్లానే తెరిచాడు. గీతలు వెంట్రుకంత సన్నగా, తేటగా ఉన్నాయి. ఆయన ముక్కు తెరకు తగిలేంతగా వంగాడు.

"ఇదీ అంతే! గోడేదో కిటికీ ఏదో తెలిసి చస్తేనా?"

"నాన్నా, కళ్ల డాక్టరు చెప్పాడు కదా, ఇక..."

"ఆయనకేం తెలుసే కంప్యూటర్ల సంగతి?" అంటూ షాపువాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఇంతకంటే పెద్దది తెప్పించు బాబూ."