కచ్చా డబ్బా, పక్కా డబ్బా

ఆ రోజుల్లో నాకున్నవి రెండే: మంథని గ్రంథాలయం సభ్యత్వ కార్డు ఒకటి, ముక్కు మీద కోపం ఇంకొకటి. మొదటిది రెండోదాన్ని మేపేది. చదివిన ప్రతి పుస్తకమూ ఊళ్లో ఎవరో ఒకరు చేస్తున్న తప్పును నాకు పట్టిచ్చేది. (ఆరోగ్యం మీద పుస్తకం తెచ్చుకున్న నెలంతా మా అవ్వ పొయ్యి దగ్గరికి రావడానికే జంకింది.) ఇరవై రెండేళ్లప్పుడు బస్టాండు దగ్గరి ఫోటో స్టూడియోలో పనికి కుదిరాక, ఫోటోగ్రఫీ మీద గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక్క పుస్తకాన్ని మళ్లీ మళ్లీ తెచ్చుకుని, అట్ట ఊడేదాకా చదివాను. నాకు అర్థమైందేమిటంటే, నెగెటివే అసలు సరుకు. దాన్ని తాకకుండా దాచాలి. ఫోటోలదేముంది, ఎన్నైనా అచ్చు వేసుకోవచ్చు.

మా యజమానిని ఊరంతా ఉస్తాద్ అనేది. ఆయన చేసే పనే తాకడం. కిటికీ పక్కన వాలు బల్ల, దాని కింద వెలుతురు కోసం ఒక అద్దం, సూదిలా చెక్కిన పెన్సిలు. నెగెటివ్ మీద పలచగా వార్నిష్ రాసి, మొహంలో మచ్చ ఉన్నచోట పెన్సిలు చుక్కలు పెట్టేవాడు. నెగెటివ్‌లో నలుపు ఫోటోలో తెలుపు కాబట్టి ఆ మచ్చ మాయం. అమ్మవారు పోసిన గుంతలు, కళ్ల కింద ముడతలు, అన్నీ మాయం. అది చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

"ఉస్తాద్, అసలును ఖరాబు చేస్తున్నవ్. గిది దొంగ మొఖం," అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

"అరేయ్ గ్రంథాలయం! జనం అసలు మొఖం జూసుకోవాల్నంటే ఇంట్ల అద్దం లేదా? ఈడిదాంక ఎందుకొస్తరురా? నడువు, కడిగిన ఫోటోలు ఆరబెట్టు."

పది రోజులు ఆయనతో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. (ఆయన గమనించినట్టు లేదు.)

ఒక సోమవారం పొద్దున మా మేనత్త కొడుకు పరుగెత్తుకుంటూ స్టూడియోకు వచ్చాడు. రెండేళ్లు తిరగ్గా తిరగ్గా బావకు బొగ్గుబాయిలో నౌకరికి పిలుపు వచ్చింది. దరఖాస్తుకు ఫోటో మా దగ్గరే దిగాడు.

"బామ్మర్దీ, నా మచ్చ ఏమాయెరా?"

"ఏం మచ్చ?"

"గీ మచ్చ!" అని ఎడమ చెంప మీద శనగ్గింజంత పుట్టుమచ్చను వేలితో పొడిచి చూపించాడు. "ఆఫీసుల గుమాస్తా కాగితం జూసిండు, ఫోటో జూసిండు, నా మొఖం జూసిండు. గుర్తు కాడ మచ్చ అని రాసి ఉన్నది, ఫోటోల లేదు, నువ్వు వేరే మనిషివి అంటుండు. ఇయ్యాల అయిదు గొట్టేలోపు మచ్చ ఉన్న ఫోటో తేకుంటే నా వెనకోన్ని పిలుస్తడంట!"

ఉన్న ఒక్క కెమెరానూ తీసుకుని ఉస్తాద్ హుజూరాబాద్ పెళ్లికి పోయి ఉన్నాడు. పెద్దపల్లికి పోయి కొత్తగా దిగితే ఫోటో చేతికొచ్చేది మూడు రోజులకు. నాకు కోపం నెత్తికెక్కింది, దాంతోపాటు (ఇప్పుడైనా ఒప్పుకోవాలి) లోపల పట్టరాని సంతోషం కూడా. వార్నిష్‌ను కరిగించే టర్పెంటైన్ సీసా తీసి, దూది తడిపి, బావ నెగెటివ్ మీద తుడిచాను. వార్నిషూ పెన్సిలూ కలిసి నల్లగా దూదికి అంటుకొచ్చాయి. చీకటిగదిలో ఎర్ర బల్బు కింద, తట్టలోని మందునీళ్లలో కాగితం వేస్తే అన్నిటికంటే ముందు ఆ మచ్చే తేలింది.

"వచ్చిందిరా! నా మచ్చ వచ్చింది!" అని బావ నా వీపు మీద చరిచాడు. తడి ఆరని ఫోటోను పట్టుకుని ఒంటిగంట బస్సుకు ఉరికాడు. గడువుకు అందుకున్నాడు, నౌకరి నిలిచింది.

నేను అక్కడితో ఆగితే పెద్దమనిషినే. ఆగలేదు. ఆ ఊపులో, ఆ కోపంలో, డబ్బాలోని నెగెటివ్‌లన్నీ బయటికి తీసి, ఆ రోజూ మర్నాడూ కూర్చుని ఒక్కొక్కటే కడిగేశాను. హెడ్మాస్టరు గారి గుంతలు, పట్వారీ భార్య ముడతలు, కొత్త పెళ్లికూతురి పెదవి మీది గాటు, అన్నిటికీ విముక్తి ప్రసాదించాను.

బుధవారం ఉస్తాద్ వచ్చాడు. అరుస్తాడనుకుని జవాబులు కూడబెట్టుకుని ఉన్నాను. ఆయన అరవలేదు. కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్క నెగెటివే వెలుతురుకు ఎత్తి చూశాడు. "నా కండ్లు పోయిన పనిరా ఇది," అన్నాడు మెల్లగా. బావ సంగతి చెబితే, "గది మంచిగ చేసినవ్. మచ్చ గుర్తని నాకెవ్వడు చెప్పలే, నేను అడగలే. తప్పు నాదే," అన్నాడు.

చివరి నెగెటివ్ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. వెలుతురుకు ఎత్తి, తిప్పి, నా వైపు చూశాడు.

"ఊరందరి మొఖాలు కడిగినవ్. గిది ఎందుకు కడగలే?"

అది నాది. పనిలో చేరిన వారం ఆయనే తీశాడు. బుగ్గల నిండా ఉన్న మొటిమలను రెండు పూటలు కూర్చుని చుక్క చుక్కగా మాయం చేసినదీ ఆయనే.

"చేతికి రాలే ఉస్తాద్," అన్నాను.

"చేతికైతే వచ్చే ఉంటది," అని పెన్సిలు నా చేతిలో పెట్టాడు. కడిగినవన్నీ మళ్లీ నేనే దిద్దాను, నెల పట్టింది. మెడ విరిగిపోయినంత పనైంది, ఆయన మీద కోపం మాత్రం తగ్గలేదు. ఆ నెల నుంచి ప్రతి మనిషికీ రెండు ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. ఒకటి దిద్దడానికి, ఒకటి తాకకుండా దాచడానికి. రెండు రేకు డబ్బాల మీద నా చేతనే రాయించాడు: తాకనివాటికి కచ్చా, దిద్దినవాటికి పక్కా. నేనే గెలిచానని గ్రంథాలయంలో అందరికీ చెప్పుకున్నాను.

ఇప్పుడు ఉస్తాద్ లేడు. వాలు బల్ల నా దగ్గరే ఉంది, డబ్బాలూ ఉన్నాయి. నాది మాత్రం ఒకటే నెగెటివ్, పక్కా డబ్బాలో. అప్పుడప్పుడు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూస్తాను. ఒక్క మొటిమ లేని ఆ కోపిష్టి కుర్రాడు అందరి తప్పులూ తెలిసినవాడిలా చూస్తుంటాడు. టర్పెంటైన్ సీసా చేతికందే దూరంలోనే ఉంటుంది. ఇన్నేళ్లలో దూది తడపలేదు.