గొడ్డుచెట్టని కొట్టేసిన బొప్పాయి

మా చిన్నప్పుడు... చెట్టు కాయకపోతే గొడ్డలి చూపించి బెదిరించేవారు. నవ్వకండి, నిజం! ఒకరు "కాస్తావా, కొట్టెయ్యనా?" అని గొడ్డలెత్తాలి. ఇంకొకరు అడ్డుపడి, "ఈ ఒక్క ఏడూ వదిలెయ్యండి, కాస్తుంది" అని చెట్టు తరఫున బతిమాలాలి.

రాజోలు దగ్గర మా ఊళ్ళో, పెరట్లో రెండు బొప్పాయి చెట్లుండేవి. నూతి దగ్గరది విరగకాసేది. దొడ్డిగుమ్మం పక్కదానికి పొడుగాటి కాడలకి గుత్తులు గుత్తులుగా పూతే... పిందె ఒక్కటీ లేదు. నాయనమ్మ దానికి గొడ్డుచెట్టని పేరు పెట్టేసింది.

గొడ్డలి ఆవిడే పట్టుకుంది. బతిమాలడానికి ఎవర్ని పిలిచిందనుకున్నారు? పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు లేని మా పిన్నిని!

"నువ్వే అడగవే... దాని బాధ నీకే తెలుస్తాది" అంది.

పిన్ని చెట్టు మీద చెయ్యేసి, "వదిలెయ్యండి అత్తయ్యగారూ" అంది, అంతే.

మరుసటి ఏడూ కాయలేదు. నాయనమ్మ కొట్టించేసింది.

ఆ తర్వాత... నూతి దగ్గరి చెట్టు కూడా పూసిన పూత పూసినట్టే రాల్చెయ్యడం మొదలుపెట్టింది! "ఎవరి దిష్టో" అంటూ భోజనాల దగ్గర నాయనమ్మ పిన్ని వైపే చూసింది.

పిన్ని గోదావరి లంకల్లో పుట్టిన పిల్ల. పుట్టింటివాళ్ళవి బొప్పాయి తోటలు. వడ్డిస్తున్న గరిటె కింద పెట్టేసింది.

"దిష్టి కాదండీ. మీరు కొట్టించింది మగచెట్టు. దాని పుప్పొడి లేకే దీని పూత నిలవట్లేదు. తాటిచెట్టు కాయకపోతే మగదని, పోతుతాడంటారు కదండీ... బొప్పాయి కాయకపోతే గొడ్డుదని ఎందుకన్నారండీ? మగదేమోనని ఒక్కరికీ అనిపించలేదా?"

ఏనాడూ నోరెత్తని మా పిన్ని! బాబాయి కంచం మీంచి తలెత్తేడు.

"అమ్మా, దాన్నింకేమీ అనకు. లోపం నాదేనని డాక్టరుగారు ఎప్పుడో చెప్పేరు."

ఆ సంగతి పిన్నికి ముందే తెలుసట! మొగుడి పరువు కోసం అన్నేళ్ళూ ఆ మాటలు పడిందట!

ఇప్పుడు నర్సరీలో ఆడా మగా ఒకే పువ్వులో ఉండే బొప్పాయి మొక్కలు అమ్ముతున్నారు. గొడ్డలి బెదిరింపులూ పోయాయి. కానీ మొన్న ఓ పెళ్ళిలో, కొత్త కోడల్ని చుట్టుముట్టి "ఇంకా విశేషం లేదా?" అని అడిగారు... పక్కనే నిలబడ్డ మొగుణ్ణి ఒక్కరూ అడగలేదండీ.

మీ పెరట్లోనూ కాయని చెట్టుండేదా? దాన్ని ఏమని పిలిచేవారు?