గోంగూర మీద నా ఉపన్యాసం

తొంభైలలో ఓ ఉగాదికి భిలాయి స్టీల్ టౌన్‌షిప్ తెలుగువాళ్ళ సభలో నేను గోంగూర గురించి ఉపన్యాసం దంచాను. మన నేలలో తప్ప ఆ ఆకు ఇంకెక్కడా మొలవదనీ, మొలిచినా ఆ పులుపు రాదనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. చప్పట్లు మోగాయి. ఆ తెలుగు ఉపన్యాసాన్ని హిందీ అక్షరాల్లో రాసుకుని చదివానని ఎవరికీ తెలీదు. అక్కడి సెక్టర్ 7లోనే పుట్టి పెరిగినవాణ్ణి, తెలుగు రాయడం నాకు రాదు. అంతకంటే పెద్ద రహస్యం ఇంకోటుంది. గోంగూరను పచ్చడిగా తినడమే తప్ప ఆకుగా నేనెప్పుడూ చూడలేదు. వంటింట్లోకి మంచినీళ్ళ కోసం తప్ప వెళ్ళేవాణ్ణి కాదు మరి.

ఆ వానాకాలంలో అమ్మానాన్నలు పాలకొండ వైపు ఓ పెళ్ళికి వెళ్తూ, ఊరి నుంచి మా ఇంటికొచ్చి జ్వరంతో పడుకున్న నాయనమ్మను నాకు అప్పగించారు. జ్వరం రెండు రోజుల్లో తగ్గింది గానీ ఆవిడకి తిండి సయించలేదు. జావ వద్దంది, రొట్టె ముట్టలేదు. మూడో రోజుకి లేచి కూర్చునే ఓపిక కూడా పోయింది. నాకు నిజంగానే భయం వేసింది.

"నోరు సప్పగా అయిపోనాదిరా. పచ్చి గోంగూర తెచ్చి నూరితే రెండు ముద్దలు తిందును," అంది.

"ఇక్కడ గోంగూర ఎక్కడ దొరుకుతుంది నాయనమ్మా?" అన్నాను, సభలో మాట్లాడినంత ధీమాగా.

ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి, పెళ్ళివారింటికి ఫోన్ చేసి, వచ్చేటప్పుడు గోంగూర తెమ్మని నాన్నకు చెప్పాను. అమ్మ ఫోన్ అందుకుని "గేటు కాడికే..." అంటూ ఏదో చెప్పబోయింది. అన్నీ నేను చూసుకుంటానని పెట్టేశాను.

గేటు దగ్గరికి రోజూ పొద్దున్నే భిలాయి పక్కనున్న జాముల్ అవతలి పల్లె నుంచి ఒకావిడ తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేది. "అమారీ భాజీ!" అని కేక వేసేది. భాజీ అంటే అక్కడ ఆకుకూర. "నహీ చాహియే దీదీ," అని వద్దంటూ నేను పంపేసేవాణ్ణి. మీ అమ్మ రోజూ కొంటుంది కదా బాబూ అని ఆవిడ హిందీలో అంటే, అమ్మ ఊళ్ళో లేదు, ఇంట్లో జబ్బు మనిషి ఉంది, ఈ గడ్డీ గాదం ఎవరు తింటారని విసుక్కునేవాణ్ణి.

ఐదో రోజు నాయనమ్మ ఎండ కోసం గోడ పట్టుకుని వరండాలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే నేను భాజీ ఆవిణ్ణి తరిమేస్తున్నాను.

"ఆ తట్టలో ఉన్నదేటిరా?"

"ఏదో అమారీ అంట. ఇక్కడోళ్ళు తింటారు."

నాయనమ్మ మెట్లు దిగింది. ఓ ఆకు తుంచి నోట్లో వేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఒరే ఎదవా, ఇది గోంగూర కాదేటిరా!"

నవ్వు తట్టుకోలేక భాజీ ఆవిడ తట్ట కింద పెట్టింది. నేను పుట్టినప్పటి నుంచీ తిన్న గోంగూర, నా చేత అంత ఉపన్యాసం చెప్పించిన గోంగూర, అంతా జాముల్ మట్టిదేనన్నమాట. ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. జ్వరం తగ్గాక కూడా నాయనమ్మను పస్తు పెట్టింది రోగం కాదు, నేనే.

నాయనమ్మ వరండాలోనే కూర్చుని ఆకు వలిచింది. కాడలు వేయడానికి కాగితం కావాలంటే చేతికి దొరికింది తెచ్చాను. విప్పితే నా ఉపన్యాసం.

"హిందీ కాయితంలాగుంది. పనికొచ్చీదేటి?"

"కాదు నాయనమ్మా," అన్నాను.

ఆవిడ చెప్పినట్టల్లా చేస్తూ ఆకు వేయించి, మిరపకాయలు మాడ్చి, నూరాను. మొదటి ముద్ద తింది. రెండోది కూడా తింది. మూడోది తనే కలుపుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మనూరి దానికన్నా ఇదే పుల్లగున్నాదిరా," అంది నాయనమ్మ, వేళ్ళు నాకుతూ.